చివరి బెంచీ బాధ

“మార్కులు చదువుతున్నా. పిలవగానే లేవాలి,” అన్నారు మాస్టారు.

చివరి బెంచీలో ఉన్న కళ్ళజోడుకి భయం పట్టుకుంది. ఈ పరీక్ష తప్పితే సెలవులన్నీ ఈ గదికే ధారపోయాలి. ఇంట్లోవాళ్ళంతా ఊరికి బయల్దేరుతున్నారు. తనొక్కతే ఇక్కడ, ఒక కాలు పొట్టైన ఈ బెంచీ మీద ఊగుతూ కూర్చోవాలి.

మొదటిరోజే మాస్టారు ఓ పరీక్ష పెట్టి గదిని మూడు ముక్కలు చేసేశారు. బాగా రాసిన ఎ గ్రూపు బోర్డు ముందు, ఫ్యాను కింద. ఫర్వాలేదనిపించిన బి గ్రూపు మధ్యలో. మిగిలిన సి గ్రూపు వెనక గోడ దగ్గర. రానివాళ్ళకి బోర్డు కనిపించినా ఒకటే, కనిపించకపోయినా ఒకటేనని ఆయన సిద్ధాంతం. ఎంత ముచ్చటైన ఏర్పాటో!

కళ్ళజోడు ఆ రోజే చెయ్యెత్తింది.

“సార్, ఇక్కణ్ణించి అక్షరాలు ఆనడం లేదు. ముందుకి రావచ్చా?”

“ముందు మార్కులు రానీయమ్మా. ముందు బెంచీ దానంతటదే వస్తుంది,” అన్నారాయన. తన చమత్కారానికి తనే మురిసిపోయారు కూడా.

ఇప్పుడు ఆమె కాగితం ఆయన చేతికొచ్చింది.

“ఏమ్మా, బోర్డు మీద నేను రాసిన ప్రశ్నేమిటి?”

“బాధ అంటే ఏమిటి, అది ఎన్ని రకాలు అని కదా సార్?”

“బోధ! బోధ అంటే ఏమిటని అడిగితే ఆకలి బాధ, పంటి బాధ, చివరి బెంచీ బాధ అంటూ రెండు పేజీలు ఏకరువు పెడతారా ఎవరైనా?”

ఎ గ్రూపు పగలబడి నవ్వింది. ఎ గ్రూపు నవ్విందని బి గ్రూపూ నవ్వింది.

“కనబడలేదు సార్,” అంది కళ్ళజోడు. “బోధ గురించి నాకు తెలుసు. ఇప్పుడు అడగండి, చెప్తాను.”

“ఇప్పుడు చెప్తే ఏం లాభం? సున్నా వేసేశాగా. సెలవుల్లో మళ్ళీ రావాల్సిందే.”

ఆమె కూలబడింది. ఏడుపు కన్నా ముందు ఒళ్ళుమంట వచ్చింది. సి గ్రూపంతా తలలు దించుకుంది.

మాస్టారు చేతులకంటిన సుద్ద దులుపుకుని, గదినంతా ఆప్యాయంగా కలయజూశారు.

“సరే టీచర్లూ, ఇక్కడ నేర్చుకున్నదంతా బళ్ళు తెరవగానే మీ మీ క్లాసుల్లో పాటించాలి మరి: పరీక్ష పెట్టేది పిల్లలకి ఎక్కడ అర్థం కాలేదో కనిపెట్టి చెయ్యందించడానికే గానీ, వెనక్కి నెట్టడానికి కాదు!”