ముళ్లపంది చెక్కిన దయ్యం

ఆకులు రాలే కాలంలో ఒక అడవిలో జంతువులన్నీ దయ్యాల పండుగ చేసుకునేవి. ముళ్లు గుచ్చుకుంటాయని మామూలు రోజుల్లో ముళ్లపంది పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఆ ఒక్క సాయంత్రం మాత్రం దాన్నీ పిలిచేవారు.

ఆ ఏడు కోతి, మనుషులు నడిచే బాట పక్కన దొరికిన మెరిసే ప్లాస్టిక్ కవర్లు మోసుకొచ్చి, కొమ్మలనిండా దయ్యాల్లా వేలాడదీసింది.

"అన్నా, అవి వద్దు. పోయినేడు దుప్పి వదిన కవరు మింగే కదా చచ్చిపోయింది!" అంది ముళ్లపంది.

"పండుగ పూట చావు కబుర్లేమిటి? ఇష్టం లేకపోతే రాకు," అని కసిరింది కోతి. మిగతావాళ్లు తలలు దించుకున్నారు.

ముళ్లపంది తన బొరియకు వచ్చేసింది. ఒక గుమ్మడికాయను పళ్లతో తొలిచి కనుగుడ్లూ కోరలూ చెక్కింది. ఎండిన టేకాకులు జుట్టుగా పెట్టింది. దయ్యం భలే కుదిరింది. చూసి జడుసుకునేవాళ్లే లేరు. దూరంగా కేరింతలు వినిపిస్తుంటే, తనే "అమ్మో!" అనుకుంది. నవ్వు రాలేదు.

రాత్రి వీచిన గాలికి కవర్లన్నీ ఊడి మేత బయలంతా పరుచుకున్నాయి. పొద్దున్నే ముసలి జింక తాత తడుముకుంటూ ముళ్లపంది బొరియ దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, నాకు చూపు ఆనదు. ఏది గడ్డో, ఏది కవరో తెలియక పస్తు ఉన్నాను. ఇది తినొచ్చా?" అంటూ గుమ్మడికాయ దయ్యాన్ని మూతితో ముట్టుకున్నాడు.

"తిను తాతా, అంతా కాయే."

"కోరలు తియ్యగా ఉన్నాయే!" అన్నాడు తాత.

తినడం అయిపోతే తాత వెళ్లిపోతాడు. అందుకని ముళ్లపంది చిన్న చిన్న ముక్కలుగా కొరికి, ఒక్కొక్కటే అందించింది.