మూలన నీడ

“ప్రతి బొమ్మలోనూ ఈ కింది మూలన నల్లగా ఏంటండీ?” అంది గ్యాలరీ ఆవిడ. కూరగాయలు ఏరినట్టు ఎగ్జిబిషన్‌కి బొమ్మలు ఏరుతోంది.

కొండలూ చెరువులూ తప్ప మనిషి మొహం గీసి ఎరగని చిత్రకారుడు గొంతు సవరించుకున్నాడు. “అది మృత్యువు. ప్రకృతి మీదికి పాకుతోంది.”

“మృత్యువేంటి, నా నీడైతేనూ!” మంచినీళ్ళు తెచ్చిన ఆయన భార్య కిసుక్కున నవ్వింది. “ఈయన బట్టతల మాడకుండా వెనకాల గొడుగు పట్టేది నేనేగా. కంటికి కనబడిందల్లా గీసిపారేస్తారు.”

ఆయన మొహం మాడిపోయింది. గబగబా కొత్త బొమ్మని ముందుకు జరిపాడు. “ఇది చూడండి. దీన్ని గుమ్మానికి ఎదురుగా పెట్టాలి.”

“ఇందులో నీడ లేదే?”

“ఆ రోజు పోట్లాడుకున్నాం. నేను వెళ్ళలేదు లెండి,” అంది భార్య.

“అదే, బోసిగా ఉంది.” గ్యాలరీ ఆవిడ పెదవి విరిచి, అదొక్కటీ వదిలేసి మిగతావన్నీ తీసుకెళ్ళింది.

ఆయన ఆ బొమ్మ ముందు చాలాసేపు కూర్చున్నాడు.

“రేపు గొడుగు నేనే పట్టుకుంటాను. నువ్వు నాకెదురుగా నిలబడు,” అన్నాడు చివరికి.

“మనిషిని గీయడం వచ్చా మీకు?”

“రాదు.”

“అయితే ముక్కుతో మొదలెట్టండి. అది వంకరొచ్చిందో, మధ్యాహ్నం వంట మీదే.”