పాస్‌వర్డ్ గడువు

“ఆ పాస్‌వర్డ్ ఇవాళ నాకు చెప్పేయండి, సీ షాద్లీ,” అంది రమ్లా, పేరు ముందు గౌరవంగా ‘సీ’ చేర్చి. “వచ్చే గురువారం నుంచి మీరు రానక్కర్లేదు.”

షాద్లీ కోటు విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు. ఒక చెయ్యి ఇంకా లోపలే ఉంది.

స్ఫాక్స్ నగరంలో జనం కిరాణా కొట్లలో కట్టే నీళ్ల బిల్లులు ఈ ఆఫీసు మీదుగా నీటి సంస్థకు చేరతాయి. రెండు వైపుల కంప్యూటర్లనూ కలిపే కనెక్టర్ ప్రోగ్రాం రాసింది షాద్లీయే. దాని పాస్‌వర్డ్ ఏ ఫైల్లోనూ లేదు. ఎవరో ఒకరు టైపు చేస్తే కొన్నాళ్లు గుర్తుంచుకుంటుంది, గడువు తీరగానే మర్చిపోతుంది. అప్పుడు బిల్లులు ఆగిపోతాయి. ఆఫీసు నుంచి షాద్లీకి ఫోన్ వెళుతుంది. రిటైరైనా పాస్‌వర్డ్ అతని బుర్రలోనే ఉండిపోయింది.

“ఎక్కడా రాయనిదాన్ని ఎవడూ దొంగిలించలేడు, తల్లీ,” అన్నాడు కోటు మళ్లీ తొడుక్కుంటూ.

“ప్రతి గురువారం కొట్లవాళ్ల తిట్లు తింటున్నది నేను. ఇవాళ ఒకాయన నన్నే కాదు, మా తాతను కూడా కలిపి తిట్టాడు. రేపు మీకు జ్వరం వస్తే?”

“రాలేదుగా.”

“వస్తే? ఊరంతా బిల్లులు పట్టుకుని మీ మంచం చుట్టూ నిలబడాలా?”

“నిలబడనీ. ఎవరో ఒకరు సూప్ తెస్తారు.”

రమ్లా నవ్వింది. కుర్చీ జరిపి, స్క్రీన్ మీద తను గీసిన బొమ్మ చూపించింది. “ఇకమీద పాస్‌వర్డ్‌ను మనుషులెవరూ చూడరు. కంప్యూటర్లోనే తాళం వేసిన వాల్ట్‌లో ఉంటుంది. కనెక్టర్ తనే వెళ్లి తెచ్చుకుంటుంది. పాతదైతే తనే మార్చుకుంటుంది.”

“మరి మనిషి?”

“ఇందులో మనిషికి పనేముంది?”

ఆ మాట ఆమె సంబరంగానే అంది.

పక్క గదిలోంచి మేనేజర్ తీజానీ కేకేశాడు. “ఏమయ్యా, ఇంకా కాలేదా? నీ మూలంగా నా భోజనం వేళ దాటిపోతోంది.”

షాద్లీ వచ్చిన ప్రతిసారీ తీజానీ అనే మాటే అది. అలా విసుక్కుంటూనే ఎదురు వీధిలోని లబ్‌లాబీ కొట్టుకు లాక్కుపోతాడు. శనగల పులుసులో ఎండు రొట్టె తుంపుకుంటూ ఇద్దరూ కుర్రకారును తిడతారు, పాత ఉద్యోగులను తిడతారు, చివరకు ఒకరినొకరు తిట్టుకుంటారు. కొట్టువాడు బల్ల తుడిచి పక్కన నిలబడేదాకా లేవరు. మిగతా రోజుల్లో షాద్లీ వంటింట్లో నిలబడే, గిన్నెలోంచే తినేస్తాడు.

“నువ్వైనా చెప్పవయ్యా, తీజానీ,” అన్నాడు.

“నన్నేం చెప్పమంటావు? ట్యూనిస్‌లోని హెడ్డాఫీసు నుంచి ఆర్డరు వచ్చింది.” తీజానీ గదిలోంచి బయటకు రాలేదు. “ఇన్నాళ్లూ పీక్కుతిన్నావు. ఇకనైనా మమ్మల్ని వదులు.”

షాద్లీ కీబోర్డు ముందు కూర్చున్నాడు. పాస్‌వర్డ్‌తో ఇబ్బంది లేదు, అది వేళ్లు వాటంతటవే కొడతాయి. అతని భయం దాని వెనకున్న పేజీ గురించి. గడువు ఎంతో నిర్ణయించే పేజీ అది. నీటి సంస్థ గడువు పెట్టమని ఎన్నడూ అడగలేదు. ఉద్యోగంలో చివరి రోజున, అందరూ కేకు కోసే హడావిడిలో ఉండగా, తనే పెట్టాడు. మొదట్లో పిలుపులు అడపాదడపా వచ్చేవి. తర్వాత దగ్గర దగ్గరగా రాసాగాయి. ఎందుకని అతను అడగలేదు. అడిగితే ఎవరో ఒకరు ఆ పేజీ తెరుస్తారు.

టైపు చేశాడు. వాల్ట్ తీసుకుంది. కొట్లలో ఆగిన బిల్లులు ఒకదాని వెనక ఒకటి కదిలాయి.

“అంతే!” అంది రమ్లా. “ఇక పాత సెట్టింగులు తీసేస్తే సరి.”

“ఉండనీలే. ఏం తింటున్నాయి అవి?”

“చెత్త కదా.”

“పాత గోతులు తవ్వకమ్మా, మూసెయ్!” లోపల్నుంచి తీజానీ అరిచాడు. “ఆకలేస్తోంది ఇక్కడ.”

అప్పటికే రమ్లా పేజీ తెరిచింది. కనుబొమలు ముడిచింది.

“ఏడు రోజులేనా? నీటి సంస్థ పెట్టమందా ఇది?”

“లేదు.”

“మరి ఎవరు పెట్టారు? ఎందుకు? సంవత్సరమంతా ప్రతి గురువారం...” ఆమె షాద్లీ వైపు తిరిగింది. మొహం చూసి మాట మధ్యలో ఆపేసింది.

“నేనే, తల్లీ,” అన్నాడు షాద్లీ. “ఇంట్లో ఎవరూ లేరు. అప్పుడప్పుడూ ఎవరైనా రమ్మంటే బాగుంటుందనిపించింది. తిట్లు నీకు పడతాయని అప్పుడు తట్టలేదు.”

రమ్లా మళ్లీ స్క్రీన్ వైపు తిరిగింది. మౌస్ తిప్పుతూ కిందిదాకా చదివింది. మళ్లీ పైకి వెళ్లి చదివింది. పక్క గదిలో కుర్చీ కిర్రుమంది గానీ ఎవరూ బయటకు రాలేదు.

“కాదు, సీ షాద్లీ,” అంది చివరకు, గొంతు తగ్గించి. “మీరు పెట్టింది మూడు నెలలు. ఎవరు ఎప్పుడు మార్చారో ఇక్కడ పడింది.”

స్క్రీన్ అతని వైపు తిప్పింది.

“దాన్ని వారానికి దించింది సీ తీజానీ.”