తోట మర్యాద

తోట చూడ్డానికి వచ్చి రాతి బెంచీ మీద కూర్చున్న ఇంజినీరు బెనాసీని నీళ్లు కింద నుంచీ పక్క నుంచీ ఎగజిమ్మి నిలువునా తడిపేశాయి.

పొద చాటున కుళాయి తిప్పిన ఒర్నెల్లాకు కడుపు చల్లబడింది.

పూర్వం ఈ తోట వేయించిన ప్రభువుకు అదే సరదా. అతిథులకు కడుపునిండా భోజనం పెట్టి, తీసుకొచ్చి ఆ బెంచీ మీద కూర్చోబెట్టి తడిపించేవాడు. ఇటలీలోని ఈ వితెర్బో కొండల్లో ఆ మర్యాద ఎరగనివాళ్లు లేరు.

అయితే తోటను చూసుకునే ఒర్నెల్లా ఇవాళ కుళాయి తిప్పింది సరదాకు కాదు, కసితో. తోట నడిమధ్య నుంచి పెద్ద రోడ్డుకు గీత గీసింది ఈ బెనాసీయే. అది తోట కాదు, ఎప్పుడో చచ్చిపోయిన పాడుదిబ్బ అని రోడ్డు ఆఫీసు కోర్టులో వాదిస్తోంది. వాళ్లు గెలిస్తే ఆమె ఇన్నేళ్లుగా కత్తిరించి పెంచిన పొదల మీద లారీలు తిరుగుతాయి.

"ఎలా ఉంది సార్, మా పాడుదిబ్బ?"

బెనాసీ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "మోటారు ఎక్కడుంది?"

"ఆ రోజుల్లో మోటారు మీ తాత తెచ్చిచ్చాడా? కొండ మీది ఊట. దానంతటదే వస్తుంది."

"గొట్టాలు పాతవేనా?"

"పాతవే. మీకంటే గట్టివి."

"ఇంకోసారి తిప్పుతారా?"

గోడెక్కి చూస్తున్న సెలూన్ తుల్లియో పగలబడి నవ్వాడు. "అక్కా, దొరగారి స్నానం ఇంకా అవలేదంట. సబ్బు కూడా ఇవ్వు."

ఆమె మళ్లీ తిప్పింది. బెనాసీ కదల్లేదు. గోడల్లా కత్తిరించిన పొదలనూ, మెట్ల మీదుగా జారే నీళ్లనూ చూస్తూ తడుస్తూనే కూర్చున్నాడు.

"ఈ తోట బొమ్మలు చూసి ఎన్ని దేశాల్లో తోటలు వేసుకున్నారో తెలుసా, సిన్యోరా?"

"మాకు తెలుసు. తెలియంది మీకే. తెలిస్తే ఆ గీత అలా గీస్తారా?"

ఆయన లేచి నీళ్లోడుతూ గేటు వైపు నడిచాడు. తుడుచుకోవడానికి గుడ్డ కూడా ఇవ్వకుండా ఆమె గేటు మూసేసింది. సెలూన్‌కి వచ్చిన ప్రతివాడికీ తుల్లియో ఆ ముచ్చట చెప్పి నవ్వించాడు.

తీర్పు రోజు కోర్టు నుంచి తోట తరఫు లాయరు రవెల్లి ఫోన్ చేసింది.

"గెలిచాం ఒర్నెల్లా. రోడ్డు కొండ అవతల నుంచి పోతుంది."

చర్చి గంటలు మోగాయి. ఒర్నెల్లా తోటలోని కుళాయిలన్నీ తిప్పేసింది. ఊరు ఊరంతా వైన్ సీసాలతో వచ్చి, తడిసి, ఆడింది. తన పెళ్లిలో కూడా ఆమె అంత ఆనందం ఎరగదు.

సాయంత్రానికి రవెల్లి వచ్చింది. తుల్లియో గ్లాసు చేతికిచ్చాడు.

"నిజానికి మనం ఓడిపోవలసిందే" అంది రవెల్లి. "ఒక్క సాక్షి నిలబెట్టాడు. తోట బతికే ఉంది, దీన్ని చంపితే మళ్లీ ఎవరూ కట్టలేరు అన్నాడు. ఆ తర్వాత జడ్జి ఇంకో మాట వినలేదు."

"ఎవరా మహానుభావుడు? ఫ్లారెన్స్ ప్రొఫెసరా? రేపే పిలవండి, నా చేత్తో వండి పెడతాను."

"పిలవడానికి ఆయన లేడు ఒర్నెల్లా. రోడ్డు ఆఫీసు సాక్షిగా వచ్చి మన వైపు చెప్పినందుకు, ఉద్యోగం పోగొట్టుకుని నిన్ననే ఊరొదిలి వెళ్లిపోయాడు, ఆ బెనాసీ."