ఆఖరి తలుపు

"ఉడకని అన్నం వడ్డిస్తానంటావేంట్రా? ఇంకో రెండు నెలలాగు," అన్నాడు జాషువా.

"ఆట పుష్కరాలకి జనంలోకి వెళ్ళాల్సిందే. పుష్కరాలు దాటాక అదెంత బాగున్నా నాకక్కర్లేదు," అన్నాడు దుర్గాసాయి, కంప్యూటరు మీంచి తల తిప్పకుండా.

"నిదానమే ప్రధానంరా."

"ఆలస్యం అమృతం విషం. అదీ పెద్దలన్నదే."

అది 2003 జులై. రాజమండ్రి అంతా గోదావరి పుష్కరాల హడావిడి. కాకినాడలో కలిసి ఇంజనీరింగ్ చదివిన ఈ ఇద్దరూ దానవాయిపేటలో ఓ మేడమీద గదిలో, ఇంటర్నెట్‌లో ఆడే ఆటొకటి రెండేళ్ళుగా తయారుచేస్తున్నారు. దాన్నే నమ్ముకుని జాషువా కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం మానేశాడు. వాళ్ళ నాన్న ఏసుపాదంగారు అన్నం దగ్గర కూడా కొడుకుతో మాట్లాడటం మానేశారు. హైదరాబాద్ కంపెనీ ఒకటి మాత్రం ఆశ పెట్టింది. ఆట బాగా కుదిరితే తీసుకుంటాం, మీ ఇద్దరికీ ఉద్యోగాలిస్తాం అంది. పూర్తయ్యేదాకా బయటపెట్టొద్దని మరీమరీ చెప్పింది.

ఆట సాయి ఆలోచనే. పుష్కరాల జనంలో ఆరేళ్ళ పిల్లాడొకడు తప్పిపోతాడు. ఆడేవాళ్ళు వాడి చెయ్యి పట్టుకుని, రేవు మెట్లెక్కించి, జనాన్ని తప్పించి, సందులూ గొందులూ తిప్పి ఇంటికి చేర్చాలి. ఆఖర్న ఇంటి తలుపు వస్తుంది. లోపల్నించి ఒక ప్రశ్న. 'అమ్మ నిన్ను ఏమని పిలిచేది?' జవాబు టైపు చేస్తే తలుపు తెరుచుకోవాలి.

తంటా అంతా అక్కడే. ఏం కొట్టినా తెరుచుకోదు.

"బుజ్జి అని కొట్టాను, నాని అని కొట్టాను, పండు, కన్నా, చిట్టి... ఒక్కటీ తీసుకోదేంట్రా? జవాబింకా రాయలేదా?"

"తలుపు సంగతి నాకొదిలెయ్," అన్నాడు సాయి.

తలుపొక్కటైతే ఏదోలా సరిపెట్టుకోవచ్చు. నలుగురు ఒకేసారి వస్తే ఆట బిగుసుకుపోతోంది. పిల్లాడు ఉన్నట్టుండి మెట్లలోకి కూరుకుపోతున్నాడు. ఇలా వదిలితే పరువు పోతుందని జాషువా నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పుష్కరాలు మొదలైన రోజునే సాయి ఆటని జనం మీదకి వదిలేశాడు.

ఊరికే వదిలితే ఊరుకోవచ్చు. కాకినాడ, రావులపాలెం, బెజవాడ నెట్ సెంటర్లన్నీ తిరిగి గోడల మీద కాగితాలు అంటించి వచ్చాడు. బరంపురానికీ, మద్రాసుకీ, బొంబాయికీ పోస్టులో పంపాడు. పరాయి రాష్ట్రాల్లో తెలుగు ఆట ఎవడాడతాడో ఆ దేవుడికే తెలియాలి. నెట్ సెంటర్లో కూర్చుంటే సాయి తెరకేసి చూసేవాడు కాదు, ఆడుతున్న కుర్రాళ్ళ మొహాలకేసి చూసేవాడు. అందులోనూ ఇంటర్ చదివే వయసు వాళ్ళని. ఆట నచ్చిందో లేదో కనిపెడుతున్నాడు కాబోలనుకున్నాడు జాషువా.

నచ్చడం కూడానా. మెయిల్ తెరిస్తే తిట్లే. 'పిల్లాణ్ణి గోదాట్లో ముంచడానికా ఈ ఆట?' అని ఒకడు. 'తలుపు తియ్యడం చేతకానివాళ్ళు ఇల్లెందుకు కట్టార్రా?' అని ఇంకొకడు. వారం తిరక్కుండానే వాళ్ళ రెండేళ్ళ కష్టం కుక్కలు చింపిన విస్తరైపోయింది.

సాయి మాత్రం పొద్దున్నే వచ్చి, తలుపు దగ్గర జనం ఏమేం టైపు చేశారో ఒక్కొక్కటే చదివేవాడు. బూతులు కూడా వదిలేవాడు కాదు. అన్నీ చదివాక మళ్ళీ మొదటికొచ్చి చదివేవాడు.

"తప్పులున్నది అక్కడ కాదురా బాబూ. ముందు ఆ మెట్లు బాగుచెయ్," అని జాషువా బతిమాలాడు.

సాయి తర్వాతి జవాబు చదవడంలో పడ్డాడు.

పుష్కరాల ఆఖరి రోజు పొద్దున హైదరాబాద్ నుంచి ఫోనొచ్చింది.

"పచ్చి సరుకు బజార్లో పెట్టి మీ పేరు మీరే చెడగొట్టుకున్నారండి. ఇంక మాకొద్దండి."

జాషువా కుర్చీలో కూలబడ్డాడు. కాలేజీ వాళ్ళు అతని ఉద్యోగం ఎప్పుడో వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఇంట్లో భార్య క్రిస్టినాకి నెలలు నిండాయి. ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్తాడు? ఏడుపొచ్చింది. దాని వెనకే సాయి మీద ఒళ్ళు మండిపోయింది.

సాయి ఇంటికి వెళితే తాళం. అమ్మని తీసుకుని రేవుకెళ్ళాడని పక్కవాటా వాళ్ళు చెప్పారు. జాషువా ఆ జనంలో పడి తోసుకుంటూ వెళ్ళాడు. ఇవాళ ఏదో ఒకటి తేల్చెయ్యాలి, స్నేహం పోతే పోనీ అనుకున్నాడు.

మెట్ల దిగువన కనిపించాడు సాయి. తడిపంచెతో పురోహితుడి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ముందు ఆకులో పిండాలు. పక్కన వాళ్ళమ్మ శ్యామలాంబగారు కొంగు నోటికి అడ్డంపెట్టుకుని కూర్చున్నారు. పోయిన వాళ్ళ నాన్నగారికి పెడుతున్నాడు, అయ్యేదాకా ఆగడం మర్యాద. జాషువా కోపాన్ని దిగమింగుకుని వెనకాలే నిలబడ్డాడు.

"నాన్నగారిది అయింది. ఈ రెండోది ఎవరికి బాబూ? వరస చెప్పు," అన్నాడు పురోహితుడు.

శ్యామలాంబగారు కొడుకు భుజం మీద చెయ్యి వేశారు.

"తమ్ముడికండీ," అన్నాడు సాయి, "పోయిన పుష్కరాల్లో ఈ రేవులోనే నా చెయ్యి విడిపోయి జనంలో తప్పిపోయాడు, పన్నెండేళ్ళూ చూశామండీ."