జేకబ్స్ పేరు రోజు

"ఐదు గులాబీలా? ఇదేమన్నా పెళ్ళా, మామ్మగారూ?"

లౌమా గొంతు ఆ ఇరుకు వరండాలో ఖంగుమంది.

జేకబ్స్ ఫొటో కింద పూలు పెడుతున్న ముసలావిడ తల తిప్పింది. ఎనభై దాటి ఉంటాయి.

"పోయినవాళ్ళకి సరిసంఖ్యలో పెట్టాలి. రీగాలో చంటిపిల్లలకి కూడా తెలుసు." లౌమా విసురుగా ఒక పువ్వు తీసి పక్కన పడేసింది. "ఆయన మా తాతయ్య."

ముసలావిడ ఒక అడుగు దగ్గరికి వచ్చింది. "జేకబ్స్ మనవరాలివా?"

లౌమా చూపు అప్పటికే వరండా చివరికి మళ్ళింది. గైడ్ గింట్స్ వస్తున్నాడు. ఒకప్పటి సోవియట్ రహస్య పోలీసుల జైలే ఇప్పటి ఈ మ్యూజియం. ఇక్కడికి ఆమె వచ్చింది ఒక్క ప్రశ్న కోసం.

"తాతయ్య దెబ్బలకి తట్టుకోలేక తోటివాళ్ళ పేర్లన్నీ చెప్పేశాడంటారు. నిజమేనా? ఇంటివాళ్ళని సైబీరియాకి తోలేశాక అక్కడ కూడా మా అమ్మ పక్కన ఎవరూ కూర్చోలేదట. ద్రోహి కూతురని."

గింట్స్ తల అడ్డంగా ఊపాడు.

"విచారణ కాగితాలన్నీ మాస్కో పట్టుకుపోయారు. చెప్పగలిగినవాళ్ళెవరూ మిగల్లేదండీ."

లౌమా వెనక్కి తిరిగింది.

"ఆగమ్మాయ్." ముసలావిడ వంగి ఆ పువ్వు తీసింది. ఐదూ కలిపి లౌమా చేతిలో పెట్టింది. "ఇవి ఆయనకి కాదు. ఇవాళ క్యాలెండర్లో జేకబ్స్ పేరున్న రోజు; ఎవరి పేరు రోజునైనా పిలవకపోయినా పూలతో వాళ్ళింటికి వెళ్తాం కదా! ఆయన ఇంట్లోంచి ఎవరో ఒకరు రాకపోతారా అని, ఈ మ్యూజియం తలుపులు తెరిచినప్పటి నుంచీ ఏటా తెస్తున్నాను. బతికున్నవాళ్ళకి బేసిసంఖ్యలోనే ఇవ్వాలి, అందుకే ఐదు."

"మాకా? ఎందుకు?"

"సోవియట్ సైన్యంతో పోరాడుతూ అడవిలో దాక్కున్న మన కుర్రాళ్ళకి రొట్టెలు మోసేదెవరో చెప్పమని ఆయన్ని చితకబాదారు. మోసేది నేనే, అప్పుడు బళ్ళో చదువుతున్నాను. నన్ను లాక్కొచ్చి ఆయన ముందు నిలబెట్టారు. దెబ్బలకి ఆయన మొహం గుర్తుపట్టేలా లేదు."

"ఏమన్నాడు?"

"'ఈ పిల్లెవరో నాకు తెలీదు' అన్నాడు. నన్ను వదిలేశారు."

లౌమా ఫోన్ తీసింది.

"అమ్మా, పెట్టెయ్యకు. ఒకావిడ మాట్లాడతారు."

"వద్దన్నా ఆ జైలుకే వెళ్ళావా? సిగ్గులేదూ!" అవతలి గొంతు గింట్స్‌కి కూడా వినిపించింది.

ముసలావిడ ఫోన్ అందుకుంది.

"నా పేరు మిల్డా, తల్లీ. మీ నాన్న చెప్పని పేరు."