మా ఆయన రాసిన ఆయాసం

మా ఆయన ఆరోగ్య నిఘంటువు కార్యాలయంలో నిర్వచనాలు రాస్తారు. ఇప్పుడు ఇంటింటి గోడకూ ఉన్న వైద్యయంత్రం ఆ నిర్వచనాలకు సరిపోయిన వాళ్లకే అంబులెన్సును పిలుస్తుంది. ఆగకుండా నాలుగు మాటలు మాట్లాడగలిగితే అది ఆయాసం కాదని రాసింది ఈయనే. అంబులెన్సుల తాకిడి సగానికి తగ్గించారని ఆఫీసులో శాలువా కూడా కప్పారు.

పోయినేడు పక్కింటి మంగతాయారు గారు, "నాయనా, ఊపిరాడటం లేదు, కాస్త చూడు" అని గోడను బతిమాలారు. అన్ని మాటలు వచ్చాయి కనుక ఆయాసం కాదంది యంత్రం. సాయంత్రానికి ఆవిడ పోయారు.

మొన్న కాఫీ తాగుతుంటే ఈయనకే ఊపిరందలేదు. పెదవులు నీలం తిరిగాయి. గోడ దగ్గర కూర్చోబెట్టి మీట నొక్కాను.

"ఏమిటి ఇబ్బంది?" అంది యంత్రం.

"ఆయాసం" అని ఊరుకోవచ్చుగా. ఈ మహానుభావుడు ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని, "నిర్వచనం ప్రకారం నాది తీవ్రమైన ఆయాసం" అన్నారు.

"అయిదు మాటలు మాట్లాడారు. మీకు ఆయాసం లేదు."

ఆయన వాదించడానికి మళ్లీ నోరు తెరిచారు.

"మంగతాయారు గారికి చెప్పేవాళ్లు లేకపోయారు" అన్నాను. "మీకు నేను చెబుతున్నా. బతకాలంటే నోరు మూసుకోండి."